ఇసక బస్తాల పడవ

గెడ్డపేటలో చెక్కభజన నేర్పే కామయ్య గురువుకి ఒక అలవాటుండేది. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ముందు వాళ్ల చేత ఏదో ఒక బరువు మోయించేవాడు. అన్నదమ్ములం వేరుపడమంటారా అని ఒకడొచ్చి అడిగితే, ఇంట్లో రుబ్బురోలు ఒక్కడివే ఎత్తి వీధి చివర పెట్టి రమ్మన్నాడట. సగం దారిలో తమ్ముడు చూసి, వచ్చి రెండో పక్క పట్టాడు. అడిగినవాడు మళ్లీ ఆ మాటెత్తలేదు. రోలు మాత్రం చాన్నాళ్లు వీధిలోనే ఉండిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చే ఓపిక ఇద్దరికీ లేక.

అలాంటి మనిషి దగ్గరికి తవిటయ్య పడవ సంగతి అడగడానికి వెళ్లాడు.

తవిటయ్య చిన్నప్పుడు ఆయన దగ్గరే చెక్కలు పట్టడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక చేపల వేటపనికి గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి, ఏళ్లకేళ్లు ఎవరి పడవల మీదో బతికాడు. తన కూతుర్ని మొదటిసారి చూసేసరికి ఆ పిల్ల నడుస్తోంది. ఎవరో కొత్త మనిషి ఇంట్లోకొచ్చాడని తల్లి వెనక దాక్కుని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు అతను మర్చిపోలేదు. ఇంక చాలు, సొంత పడవ కొనుక్కుని ఊళ్లోనే వేట చేసుకుంటానని వచ్చేశాడు. చెల్లెలు సత్తెమ్మ మొగుడు ఎల్లాజీ తోడుంటానన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కల్లా ఏ పడవ అన్న దగ్గరే వచ్చింది. అతనికి కావలసింది వానకీ ఎండకీ తలదాచుకునే గది ఉన్న ఫైబర్ పడవ, ట్రైలర్ బండి మీద ఎక్కించి రోడ్డు వెంట ఎక్కడికైనా లాక్కుపోగలిగేది. అలాంటివాటికోసం కాళ్లకి బలపం కట్టుకుని భీమిలి నుంచి కాకినాడ దాకా తిరిగాడు. ఒకదానికి చుట్టూ అద్దాల గది, లోపల నడుం వాల్చడానికి బల్ల, వెనక ఒకే పెద్ద ఇంజను. ఇంకోదానికి ముందువైపు సగం గదే, వెనకంతా వల లాగడానికి ఖాళీ. దానికి రెండు చిన్న ఇంజన్లు. ఒకటే ఇంజనైతే చూసుకోవడం తేలిక, కానీ నడిసముద్రంలో ఆగిపోతే గతేమిటి? రెండుంటే ధైర్యమే, మరి రెండింటి మరమ్మతులూ ఎవడు పడతాడు? టూ స్ట్రోక్ తేలిగ్గా ఉంటుంది, పెట్రోలు తెగ తాగుతుంది. ఫోర్ స్ట్రోక్ పొదుపు, పైగా చప్పుడు తక్కువ, కానీ ఎత్తబోతే నడుం విరుగుతుంది. పొద్దున్న ఒకటి బాగుండేది, సాయంత్రానికి ఇంకోటి. ఇలా మీనమేషాలు లెక్కపెడుతూనే, చవగ్గా దొరుకుతోందని పడవ కంటే ముందు పడవ బండి కొనేశాడు మహానుభావుడు. ఆ రెండు చక్రాల ఇనప బండి ఇంటి ముందు ఉండిపోయింది. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. చేపలమ్మే నూకాలమ్మ అటు వెళ్లినప్పుడల్లా, "ఏటి తవిటీ, నీ కోళ్లు వేటకెప్పుడెల్తాయి?" అని అడిగి మరీ వెళ్లేది.

ఈలోగా వేసవి వేట నిషేధం ముగింపుకొచ్చింది. ఎల్లాజీ ఒకరోజు తిన్నగా చెప్పేశాడు. "బావా, నిషేదం ఎత్తేసరికి పడవ నీళ్లల్లో ఉంటే నీతో ఉంటాను. నేదంటే వీరావల్ ఎల్లిపోతాను. ఆల్లు మనుసుల్ని పిలుస్తన్నారు."

సత్తెమ్మకి అప్పటికే నెలలు నిండాయి. ఆ పుట్టబోయే బిడ్డ కూడా రేపు తండ్రిని చూసి తల్లి వెనక దాక్కుంటుందా అన్న ఆలోచన తవిటయ్యని వదల్లేదు. ఆ సాయంత్రమే గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఏ పడవ మంచిది గురువుగోరూ? ఏ ఇంజను మంచిది? మీరేది సెప్తే అదే కొంటాను."

గురువు భజన చెక్కలకి నూనె రాసుకుంటున్నాడు. తలెత్తకుండా, "నీకు బాగా నచ్చిందేదిరా?" అన్నాడు.

"అద్దాల గది ఉన్నదండి."

"ఇంజనుతో ఎంత బరువుంటాది?"

తవిటయ్యకి అది కంఠతా వచ్చు. చెప్పాడు.

"అయితే రేపు పొద్దున్న అంత బరువు ఇసక నీ బండి మీద కట్టుకుని ఒడ్డుకి రా."

తెల్లారగానే కోళ్లని తోలేసి, బావలిద్దరూ సిమెంటు గోతాల్లో ఇసక నింపి బండికెక్కించారు. ఎవరిదో ట్రాక్టర్ అడిగి ఒడ్డుకి తెచ్చారు. నిషేధం ఇంజను పడవలకే గనక, తెడ్లతో నడిచే తెప్పలు అప్పుడప్పుడే వేట నుంచి తిరిగొస్తున్నాయి. ఆడవాళ్లు గంపలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. గురువు ఒక బోర్లించిన తెప్ప మీద కూచుని ఉన్నాడు.

"నీళ్ల దాకా తీసుకెళ్లి వదిలెయ్. ట్రాక్టర్ని పంపించెయ్," అన్నాడు.

"అదేటండీ, ట్రాక్టర్ నేకపోతే మళ్లీ పైకెలాగొస్తాది?"

"దుక్కులొస్తే ట్రాక్టరు పొలంలో ఉంటాది. నువ్వు సముద్రంలోంచి వొచ్చేసరికి ఒడ్డున ఎవులుంటారో ఆల్లే ఉంటారు."

ట్రాక్టర్ వెళ్లిపోయింది. నాలుగు అలలు వచ్చి పోయేసరికి బండి చక్రాలు సగం దాకా ఇసకలో దిగబడ్డాయి. తవిటయ్య ముందు నుంచి లాగాడు, ఎల్లాజీ వెనక నుంచి తోశాడు. బండి ఉలకలేదు, పలకలేదు. పోటు పెరుగుతోంది. ఉన్న ఒక్క బండీ సముద్రం పాలయ్యేలా ఉంది.

గెడ్డపేటలో ఒక పద్ధతుంది. పడవైనా తెప్పైనా ఒడ్డు తాకితే, అక్కడున్నవాళ్లు పిలవకుండానే వచ్చి తలో చెయ్యీ వేసి పైకి లాగాలి. లాగిన ప్రతి చేతిలోనూ పడవవాడు ఇన్ని చేపలు పెట్టాలి. తవిటయ్య ఊరొచ్చిన దగ్గర్నించి ఒక్కసారి కూడా ఎవరి తెప్పకీ చెయ్యి వేయలేదు. వాళ్లు లాగుతున్నంతసేపూ తను కాస్త ఎడంగా నీడన నించుని ఫోన్లో పడవల వీడియోలు చూసుకునేవాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. కేక వెయ్యడానికి నోరు రాలేదు.

అయినా వచ్చారు. ముందు తెప్పల వాళ్లు వచ్చారు. నూకాలమ్మ గంప కింద పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపి వచ్చింది. తాళ్లు కట్టారు. "ఐలేసా" అంటూ అందరూ ఒక్కసారిగా గుంజారు. బండి కదల్లేదు.

"దింపు," అన్నాడు గురువు.

కొన్ని బస్తాలు దింపారు. మళ్లీ గుంజారు. చక్రం కాస్త పైకి లేచి మళ్లీ కూచుంది.

"దింపు."

అలా దింపుతూ, గుంజుతూ, ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకుంటూ ఉండగా, చివరికి బండి ఒక్క ఊపుతో గుంతలోంచి లేచింది. ఆ ఊపు ఆపకుండా పొడి ఇసక దాకా లాక్కొచ్చేశారు. గురువు లేచి దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు బండి మీదున్నది ఏ పడవరా?"

తవిటయ్య మిగిలిన బస్తాల వైపు చూశాడు. రొప్పుతూనే వాటిని లెక్కపెట్టుకున్నాడు. "సగం గది పడవండి. దానికి ఒక్క చిన్నింజను. రెండో ఇంజను బరువుకి సోటు నేదు." మళ్లీ పాత దిగులే పైకొచ్చింది. "ఒక్కటే ఇంజనంటే, నడిమజ్జిన ఆగిపోతేనో?"

"ఇయ్యాల నీ బండి ఆగిపోనేదేటి?" అన్నాడు గురువు.

ఎల్లాజీ చేతుల ఇసక దులుపుకుని, "బావా, ఈ బరువైతే నానుంటాను," అన్నాడు. అంత చిన్న మాటకి తవిటయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ చూస్తున్నారని సముద్రం వైపు తిరిగి నించున్నాడు.

నూకాలమ్మ ఊరుకునే మనిషా? చెయ్యి చాపి, "అంతా లాగేం కదా, మా చేపలేవిరా? ఈ ఇసకే పంచుతావేటి?" అంది. ఒడ్డంతా నవ్వింది.

"ఇస్తానత్తా," అన్నాడు తవిటయ్య. ఆ మాట ఒక్కటే చాలదని అతనికీ తెలుసు. అప్పుడే ఒక తెప్ప ఒడ్డు తాకుతుంటే ఎవరూ చెప్పకుండానే వెళ్లి భుజం పెట్టాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఫోను ఇంట్లో వదిలేసి వెళ్లేవాడు.

నిషేధం ఎత్తెయ్యకముందే సగం గది పడవ ఆ బండెక్కి గెడ్డపేట వచ్చింది. వెనక తగిలించిన చిన్న ఇంజను, ఒక మనిషి విప్పుకుని భుజాన వేసుకుని ఇంటికి పట్టుకుపోయేంత. పడవ వచ్చిన వారానికే సత్తెమ్మకి మగపిల్లాడు పుట్టాడు. బొడ్డు కోసేటప్పటికి ఎల్లాజీ గుమ్మంలోనే ఉన్నాడు.

మొదటిరోజు వేట బాగానే పడింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏదో పైఊరి పడవ వాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది. చుట్టూ అద్దాల గది, వెనక పెద్ద ఇంజను. అది లేపిన అలకి వీళ్ల పడవ కాసేపు ఊగింది. తవిటయ్య మనసు అంతకంటే ఎక్కువే ఊగింది. అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఒడ్డు తాకగానే జనం వచ్చారు. పడవ బండెక్కింది, బండి తేలిగ్గా పైకొచ్చింది. ఎల్లాజీ వలైనా దులపకుండా, పిల్లాడు లేచుంటాడంటూ ఇంటికి పరుగెత్తాడు. తాడు చివర పట్టుకుని లాగినవాళ్లలో కామయ్య గురువు కూడా ఉన్నాడు. తవిటయ్య మెల్లిగా ఆయన పక్కకి చేరాడు.

"గురువుగోరూ, ఇందాక ఓ పడవెల్లింది. అబ్బ, ఏం పడవండీ అది. నిజం సెప్పండి, మనకి మంచి పడవ ఇదేనంటారా?"

గురువు చేతులు తుడుచుకుని, తుండుగుడ్డ కొంగు పరిచి అతని ముందుకి చాపాడు.

"ముందు ఆవేళ ఇసక లాగినోళ్లకీ, ఇయ్యాల లాగినోళ్లకీ చేపలు పంచు. తరవాతడుగు."