వారసుడి మీసం

ముత్యాలగడ్డ రాజు రంగభూపాలుడికి ఓ పొద్దున అద్దం చూసుకుంటూండగా ఒక ఆలోచన పుట్టింది. రాజులకు ఆలోచన పుడితే ఊరుకుంటారా? వెంటనే దండోరా వేయించాడు. దసరాకి మీసాల పోటీ! గెలిచినవాడు అంబారీలో రాజుగారి పక్కన కూర్చుని ఊరేగుతాడు.

ఊళ్లో కాలవలు పూడిపోయాయి, చెరువు గట్టు తెగింది. పోనిద్దురూ, ముందు మీసాల సంగతి తేలాలి కదా!

గెలిచేదెవరో అందరికీ ముందే తెలుసు, కోశాధికారి నరసభూపతి. ఆ మీసానికి పూటకో నూనె, వారానికోసారి సాంబ్రాణి ధూపం. సభలో ఎవరైనా దాని వైపు చూడకపోతే ఆయనకి ఆ రోజు అన్నం సయించేది కాదు.

భూపతిగారికి ఇంకో సరదా కూడా ఉండేది. ఎవరైనా పోయారని తెలిస్తే చాలు, అందరికన్నా ముందు పరామర్శకి వెళ్లేవాడు. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ రెండో చేత్తో ఇంటి గోడలు తట్టి చూసేవాడు. "వాటాలు తేలేసరికి మీ చెప్పులరిగిపోతాయి నాయనా. సాక్షులు, తగువులు, కచేరీలు... ఆ తిప్పలన్నీ నేను పడతాలే, వారసత్వం నాకమ్మెయ్" అని చేతిలో ఇంత పెట్టి వేలిముద్ర వేయించుకునేవాడు. ఏడాది తిరక్కుండా అదే ఇల్లు నాలుగింతలకి అమ్ముకునేవాడు. ఎంత జాలిగుండో చూడండి!

దీనికి చట్టం అండ కూడా ఉంది. రాజుగారి తాత రాతి మీద చెక్కించిన శాసనం ఒకటుంది. వారసత్వం కొన్నవాడే వారసుడు అని.

అలా ఉండగా గానుగ మల్లన్న పోయాడు. పిల్లల్లేరు. భార్య అచ్చాయమ్మకి మిగిలింది ఆ ఇల్లు, పెరట్లో గానుగ, దాన్ని తిప్పే ఎద్దు. మల్లన్న తమ్ముడు ఎర్రన్న, అన్న చితి ఆరకముందే "నేనే వారసుణ్ణి" అంటూ వారసత్వం భూపతికి అమ్మేసి కల్లుపాకలో మకాం పెట్టాడు. పదో రోజు పొద్దున్నే భూపతి మనుషులొచ్చి, చీకటిపడేలోగా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

అచ్చాయమ్మ ఏడుస్తూ కోటకి పరిగెత్తుకొచ్చి, రాజుకి తన గోడు చెప్పుకుంటూ సభ గుమ్మంలో అడుగెయ్యబోయింది.

"అక్కడే ఆపండి!" అని భూపతి సభలోంచి కేకేశాడు. "మైల మనిషి సభలో కాలు పెట్టడమేంటి? ఆచారం లేదూ?"

రాజు ఇబ్బందిగా కదిలాడు. ఆయన్ని నవ్వించడానికి జీతం పుచ్చుకునే పేరయ్య పక్కనే ఉన్నాడు. మీసం మొలవని అతని నున్నటి మూతి చూసి భూపతి రోజూ ఎగతాళి చేసేవాడు.

"ఒరేయ్ పేరయ్యా, తాతగారి శాసనం నేను చెరపలేను. అలాగని ఆవిణ్ణి వీధిలోకీ నెట్టలేను. ఏదో ఒక దారి చెప్పు" అన్నాడు రాజు.

పేరయ్య గుమ్మం దాకా వెళ్లి ఆవిడతో మాట్లాడాడు. పదో రోజు కర్మ సంగతులన్నీ అడిగి తెలుసుకున్నాడు. తిరిగొచ్చి భూపతి ముందు వినయంగా నిలబడ్డాడు.

"అయ్యా, చిన్న సందేహం. మల్లన్నకి వారసులెవరు?"

"నేనే."

"మరి భార్య?"

"శాసనం చదవలేదా? కొన్నవాడే వారసుడు."

"పోనీ, తమ్ముడు?"

"అమ్ముకున్నాక వాడెవడు? ఈ మీసం మీద ఒట్టు, నేను తప్ప మల్లన్నకి వారసుడు లేడు!"

పేరయ్య గబగబా నాలుగడుగులు వెనక్కి జరిగాడు. రాజుగారి సింహాసనాన్ని కూడా వెనక్కి జరపమని భటులకి సైగ చేశాడు.

"ఏంట్రా ఈ వేషాలు?" అన్నాడు రాజు.

"ఇవాళ పదో రోజు ప్రభూ. మైలలో ఉన్న వారసుడు తమ పక్కనే కూర్చున్నాడు. అక్కడ ఏటి ఒడ్డున పురోహితుడూ మంగలీ పొద్దున్నుంచీ ఈయన కోసమే కాచుక్కూచున్నారు."

"మంగలా? నాకెందుకు?" అన్నాడు భూపతి.

"మీసం తీయించుకోకుండా వారసుడు పిండం ఎలా పెడతాడండీ?"

సభంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. భూపతి రెండు చేతులతో మీసం మూసుకున్నాడు.

"నేనా? గానుగవాడికా? నేను కొన్నది ఇల్లయ్యా!"

"ఇల్లు కొన్నవాడని శాసనంలో లేదండీ, వారసుడనే ఉంది. అన్నట్టు, ఇదివరకు తమరు కొన్న ఇళ్లలో పోయినవాళ్లందరికీ ఏటా తద్దినాలు కూడా తమరే పెట్టాలి. ఇక ఆ మీసానికి మళ్లీ మొలిచే తీరికెక్కడిది?"

రాజుకి హుషారొచ్చింది. "ఎవర్రా అక్కడ! మంగలిని కత్తి నూరుకుని రమ్మనండి!"

"వద్దు ప్రభూ! నేను వారసుణ్ణి కాను! ఆ తాగుబోతు వెధవా కాదు! ఆవిడే, ఆవిడొక్కతే!"

"మరి మిగతా ఇళ్లు?" అన్నాడు పేరయ్య.

"వాళ్లకీ కాను! ఎవరికీ కాను! ఎవరిళ్లు వాళ్లకిచ్చేస్తాను, అమ్మేసినవాటికి డబ్బిచ్చేస్తాను, నా మీసం జోలికి రాకండి!"

"శాసనం చెక్కుచెదరలేదు ప్రభూ. వారసుడే వద్దంటే మనమేం చేస్తాం?" అన్నాడు పేరయ్య రాజు వైపు తిరిగి.

"మరి నా డబ్బో?" భూపతి గొంతు పీలగా వచ్చింది.

"కల్లుపాకలో ఉందండీ. త్వరగా వెళ్తే కుండ అడుగున కాస్త మిగిలి ఉండొచ్చు."

గుమ్మం అవతల అచ్చాయమ్మ మళ్లీ ఏడ్చింది. ఈసారి చేతులెత్తి దణ్ణం పెడుతూ ఏడ్చింది.

"మల్లన్నకి పిండం నేను పెడతానమ్మా. తీయించుకోవడానికి నాకెలాగూ మీసం లేదు" అన్నాడు పేరయ్య.

రాజు కళ్లు తుడుచుకుని మెడలో హారం తీసి అతని మెడలో వేశాడు. "దసరాకి అంబారీలో నా పక్కన కూర్చునేది నువ్వేరా!"

"అదేంటి ప్రభూ, మీసాల పోటీ కదా?"

రాజు భూపతి వైపు చూసి పగలబడి నవ్వాడు.

"మీసమున్నవాడు రెండు చేతులతో దాన్నే పట్టుక్కూచున్నాడు. ఇక అంబారీ ఏం పట్టుకుంటాడ్రా, కింద పడతాడు!"