కూటమి వారి విందు

కుందవరం రాజ్యంలో పెద్దల సభ గడువు మధ్యలోనే సగం పీఠాలకు ఎన్నిక వచ్చింది. నిన్నటిదాకా కత్తులు దూసుకున్న నలుగురు దొరలు కూటమి కట్టి, తలా ఒక కూర వండించి ఊరికి విందు పెట్టారు.

జనం తింటుండగా, “మేం నలుగురం ఒకే ప్రాణం. మీ ఓటు మాకే!” అన్నాడు పెద్దదొర వీరభల్లయ్య.

విస్తళ్లు కుట్టే పైడితల్లి లేచింది. “అయితే మీరూ కూర్చోండి బాబూ!” అంటూ నాలుగు విస్తళ్లు వేసి, ఒకరు వండించిన కూర ఇంకొకరికి వడ్డించింది.

కూర్చున్న దొరలు తమ ముందున్న కూరను అనుమానంగా చూశారు. ఒక్క చెయ్యీ విస్తట్లోకి దిగలేదు.

“ఒకరి కూర ఒకరు నోట పెట్టలేని మీ చేతుల్లో రాజ్యం పెట్టమంటారా?” అంది పైడితల్లి.

జనం ఎత్తిన ముద్దలు గాల్లోనే ఆగిపోయాయి. అప్పటికే నాలుగు కూరలూ మారు వడ్డించుకున్న మునసబు, కడుపు పట్టుకుని వైద్యుడింటికి పరుగుతీశాడు.