బొటనవేలి నడక

భద్రయ్య గారిని ఏది అడిగినా వెంటనే జవాబు రాదు. "ముందు మృదంగం దగ్గరికి లాక్కో" అంటారు. బొబ్బిలిలో ఆయన దగ్గర పాఠం చెప్పుకున్న వాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. కమలాకర్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

అడగక ఏం చేస్తాడు? కిందటి కచేరీలో గాయకురాలు రాగం ఆలపిస్తున్నంతసేపూ మృదంగానికి పని లేదు కదా అని ఒళ్ళోని ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కీర్తన ఎత్తుకుంది, ఇతను ఎత్తుకోలేదు. సభంతా చూసింది. ఈ ఆదివారం మళ్ళీ ఆవిడ పక్కనే వాయించాలి. పంపేదీ లేనిదీ గురువుగారు ఇంకా తేల్చలేదు.

"గురువుగారూ, నేను ఫోను ఊరికే చూడనండి. పెద్ద విద్వాంసుల వాయింపు వింటాను. శ్రుతిపెట్టె కూడా అందులోనే ఉంది. ఇంటి నుంచి ఏ కబురొస్తుందో అని ఒకటి. అన్నీ నిజాలే. మరి మానుదామంటే ఎందుకు మానలేకపోతున్నానండీ?"

భద్రయ్య గారు మృదంగం ఎడమ వైపు రవ్వముద్ద అద్దుతూ విన్నారు. ఫోను పక్కగదిలో పెట్టి రమ్మన్నారు. వచ్చాక, "కుడిచెయ్యి దీని మీద ఉంచి, ఆ కారణాలన్నీ మళ్ళీ చెప్పు. తొందరేం లేదు" అన్నారు.

ఈసారి కమలాకర్ ఇంకా బాగా చెప్పాడు. కొత్తవి కూడా కొన్ని కలిశాయి. కారణాలకేం, అడిగేవాళ్ళుంటే పుడుతూనే ఉంటాయి. మధ్యలో చూస్తే గురువుగారి చెయ్యి తొడ మీద మెల్లగా తాళం వేస్తోంది. ఎవరూ వాయించడం లేదే! మాట ఆపి విన్నాడు.

సర్... సర్... సర్...

తన బొటనవేలు. మృదంగం కుడి వైపు నల్లటి పూతని, ఆ కరణిని, కింద నుంచి పైకి, మళ్ళీ కింద నుంచి పైకి రాస్తూ, లేని ఫోను తెరను జరుపుకుంటూ పోతోంది. మాట ఆగినా అది ఆగలేదు.

కమలాకర్‌కి భయం కన్నా ముందు ఆశ్చర్యమే వేసింది. "కాలం పరుగెత్తిస్తున్నావోయ్" అని చేరిన నాటి నుంచీ గురువుగారు మొత్తుకుంటున్న ఆ తొందర, ఈ వేలికి లేనే లేదు. ఆయన తాళానికి వెంట్రుకవాసి తేడా లేకుండా నడుస్తోంది. ఎప్పుడు నేర్చింది? తనకి తెలియకుండా ఎంత సాధన చేసింది!

భద్రయ్య గారు తాళం ఆపి, రవ్వ అంటిన చేతులతోనే ఆ వేలికి దణ్ణం పెట్టారు. అది వేళాకోళం కాదని ఆయన కళ్ళు చూస్తే తెలుస్తోంది.

"మరి... ఆదివారం?" అన్నాడు కమలాకర్.

"కారణాలు చెప్పినవాడు నా శిష్యుడు. ఈ వాయించేవాడు ఎవరి శిష్యుడో నాకు తెలీదు. ఆదివారం ఇద్దరిలో ఎవరొచ్చి కూర్చుంటారో, నేనూ వచ్చి చూస్తానోయ్" అన్నారు గురువుగారు.