కోట గుమ్మంలో ఆగిన బండి

కరువుకు ఊరొదిలిన గంగులు, భార్య నీలమ్మతో, తట్టాబుట్టతో సొంత ఎడ్లబండిలో పొరుగునున్న కుంతవరం రాజ్యం చేరాడు. బండి తోలుకునే బతకాలి. బండి కోట గుమ్మంలోకి దూరిందో లేదో, శకటాధికారి దండపాణి అడ్డుకున్నాడు.

"ఇక్కడ బండి తోలాలంటే మా అనుమతి ముద్ర ఉండాలి. ఉందా?"

"మా రాజ్యానిది ఉందండి."

"అది చెల్లదు. పరీక్ష పెట్టి కొత్తది ఇవ్వాలి. దసరా వెళ్లాక కనబడు. ఈలోగా అడుగు తోలినా కొరడా దెబ్బలే."

గంగులు బుద్ధిగా పగ్గాలు వదిలి దిగాడు. గోడ నీడన భార్య పక్కన కూర్చుని అటుకుల మూట విప్పాడు. బండి గుమ్మానికి అడ్డంగా అలాగే ఉండిపోయింది.

ఇంతలో బయట బాకాలు మోగాయి. గుడికి వెళ్లిన రాజమాత పల్లకీ తిరిగొస్తోంది.

"బండి తియ్యవయ్యా," అన్నాడు దండపాణి కంగారుగా.

"ముద్ర లేదు కదండీ."

భటులు పగ్గాల మీద చెయ్యి వేయబోయారు. "మీకుందా నాయనా?" అని అడిగాడు గంగులు. కొరడా గుర్తొచ్చి వాళ్లు వెనక్కి తగ్గారు.

"పోనీ తమరే తోలండి."

దండపాణికీ లేదు. ఆయన తిరిగేది పల్లకీలోనే.

బాకాలు దగ్గరపడ్డాయి. దండపాణి చెమట తుడుచుకుని, ఒక రాగి ముద్ర గంగులు చేతిలో పెట్టాడు.

"మరి పరీక్ష?"

"నెగ్గావు. ముందు తోలు."

గంగులు లేవలేదు. "మా ఆవిడకూ ఒకటి ఇప్పించండి. దారిలో సగం తనే తోలింది."

కాసేపటికి బండి గుమ్మం దాటింది. పగ్గాలు నీలమ్మ పట్టుకుంది. గంగులు వెనక కూర్చుని, మిగిలిన అటుకులు తిన్నాడు.