తంగేడుకోన పాదాలమ్మ, మేయరు బిందె

తంగేడుకోన నగరంలో బస్టాండు నుంచి ఉత్తరంగా బండలవీధి చివరిదాకా ఎక్కితే కొండవాలున ఒక చిన్న గుడి కనిపిస్తుంది. అందులో చంకన బిందెతో నిలబడిన శిలామూర్తి పాదాలమ్మ. ఈ క్షేత్రంలో అభిషేకం శిరస్సు నుంచి కాక పాదాల నుంచి మొదలవుతుంది. గుడి గోడల మీద దశావతారాలకు బదులు నగర మేయర్ల ఫొటోలు వరుసగా ఉంటాయి. కొత్తగా వచ్చిన భక్తులు ఇది గుడా, మున్సిపల్ ఆఫీసా అని తికమకపడటం మామూలే. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ తంగేడు పొదలు, బండరాళ్లు తప్ప మరేమీ లేవు. ఏ మునీ ఇక్కడ తపస్సు చేసినట్టు ఆధారం లేదు. కమండలం నింపుకోవడానికి నీళ్లుంటే కదా. రాళ్లు కొట్టి బతికే అరవై కుటుంబాలు మాత్రం ఉండేవి. వారిలో మేకలు కాసే సుంకులమ్మ ఒకనాటి ఎండలో తన మేక ఒకటి ఒక రాతిని నాకుతూ, ఎంత అదిలించినా కదలకపోవడం చూసింది. పాదాల దాకా మట్టి తొలగిస్తే అమ్మవారి మూర్తి బయటపడింది. పెదవులు ఎండిపోయినట్టున్న ఆ ముఖం చూసి సుంకులమ్మకు ఏడుపొచ్చింది. తాగడానికి తెచ్చుకున్న చెంబెడు నీళ్లు ఆ తల మీద పోసింది. నీళ్లు నడుము దాకా జారి ఇంకిపోయాయి. పాదాలు తడవలేదు.

కొన్నేళ్లకు కింది ఊరు పెరిగి నగరమైంది. బండలవీధి దాని ఆఖరి వార్డయింది. తొలి మేయరు నాగభూషణం గారు ఇంటింటికీ కొళాయి వేయించిన పుణ్యాత్ముడు. బండలవీధికి కూడా పైపులు వచ్చాయి, నీళ్లే రాలేదు. పల్లపు వీధుల వాళ్లు పట్టుకోగా ఇక్కడికి చేరేది గాలి మాత్రమే. ఆయన అమ్మవారికి గుడి కట్టించి, వెండి చెంబుతో అభిషేకం చేశారు. నీళ్లు నడుము దగ్గరే ఆగాయి. రెండో మేయరు ఖాదర్‌వలీ గారు మనసున్న మనిషి. ట్యాంకరు పంపి, వీధి వాళ్లకు పట్టించాక, అమ్మకు నూరు బిందెలు పోయించారు. అయినా పాదాల మీద దుమ్ము దుమ్ముగానే ఉంది.

హేమావతి గారు మూడో మేయరుగా వచ్చేనాటికి బండలవీధి ఓపిక నశించింది. దూరం నుంచి నీళ్లు మోసి మోసి ఆడవాళ్ల నడుములు పడిపోయాయి. శుక్రవారం ఊరొదిలి పోవాలని అరవై ఇళ్ల వాళ్లూ మూటలు కట్టారు. సుంకులమ్మ అప్పటికి ముసలిదైపోయింది. కర్ర పట్టుకుని మేయరు గదికి వచ్చి నిలబడింది.

"మేం యాడికో ఆడికి పోతాంలేమ్మా. అమ్మను ఒక్కదాన్నే ఇడిచిపెట్టి ఎట్ల పోయేది? పెకిలించి మోసకపోదామంటే చేతులు రాల్యా," అంది.



ఆ మధ్యాహ్నం కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు పార్కు గేటుకు వేయవలసిన రంగు గురించి గంటసేపు ప్రసంగిస్తుండగా ఆమెకు కునుకు పట్టింది. కలలో తానే నీళ్లైంది. ట్యాంకులోంచి చల్లగా జారి, పైపుల్లో తనలో తానే పాడుకుంటూ పోసాగింది. ఒక ఇంట పూలకుండీల్లోకి కొంత పోయింది. ఒక ఇంట కారు కడగడానికి కొంత. తన సొంత పెరటి తొట్టిలోకైతే బోలెడంత. అలా సన్నబడి సన్నబడి కొండవాలుకు చేరేసరికి ఆమె ఒక్క చుక్క. అక్కడ వరుసలో అందరికన్నా వెనుక ఒక స్త్రీ చంకన బిందెతో నిలబడి ఉంది. ఎన్నేళ్లుగా నిలబడిందో, ఆమె కాళ్ల చుట్టూ తంగేడు మొలిచి పూసింది.

"తల మీద నుంచి పోసుకుంటా వస్తే నా కాళ్లకాడికి ఎప్పుడొస్తావే?" అంది ఆ తల్లి, కోపం లేకుండా. "కాళ్లకాడ మొదలుపెట్టు."

మేయరు ఉలిక్కిపడి లేచారు. గేటు రంగు ఇంకా తేలలేదు. ఆమె నీటి సరఫరా ఇంజనీరును పిలిచి, బండలవీధికి ముందు నీళ్లివ్వడం కుదురుతుందా అని అడిగారు.

"కింది వాల్వులన్నీ కట్టేస్తే పైకి ఎక్కుతాయి మేడం. కానీ మొదట కట్టాల్సింది మీ వీధిదే," అన్నాడాయన నసుగుతూ.

"అయితే మా వీధితోనే మొదలుపెట్టండి."

గురువారం పొద్దున బండలవీధి కొళాయి దగ్గి, తుప్పునీళ్లు కక్కి, తర్వాత తెల్లగా పారింది. సుంకులమ్మ మొదటి చెంబు పట్టి, తాను తాగకుండా తీసుకెళ్లి అమ్మవారి పాదాల మీద పోసింది. పాదాలు తడిశాయి. ఆ తడి మెల్లగా మోకాళ్లకు, నడుముకు, బిందెకు, శిరస్సుకు ఎక్కిందనీ, పెదవులు నిగనిగలాడాయనీ చూసినవారు చెబుతారు. ఆ సాయంత్రమే మూటలు విప్పారు. పల్లపు వీధుల వాళ్లు మాత్రం హేమావతి గారిని క్షమించలేదు. తర్వాతి ఎన్నికల్లో ఆమె చిత్తుగా ఓడిపోయారు. అది తలచుకుంటే ఈ నాలుగు మాటలు రాస్తున్న నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నేటికీ నగరంలో నీళ్లు మొదట వదిలేది బండలవీధికే. కొత్తగా ఎన్నికైన మేయరు ప్రమాణ స్వీకారానికి ముందు ఖాళీ బిందెతో వచ్చి, ఇక్కడి కొళాయి దగ్గర అందరికన్నా వెనుక నిలబడాలి. తన వంతు వచ్చాక పట్టిన నీళ్లతో అమ్మ పాదాలు కడిగి, ఆ తర్వాతే కుర్చీ ఎక్కాలి. ఉద్యోగమో, పెళ్లో, పింఛనో ఎంతకీ వంతు రాని వారు కూడా ఇలాగే పాదాలు కడిగి మొక్కుకుంటారు. తల్లి వారిని చల్లగా చూస్తుంది.

మొన్న గెలిచిన మేయరు గారు రెండు గంటలు నిలబడ్డారు. ఆయన ముందు ఇంకా ఇద్దరు ఉండగానే కొళాయి ఆగిపోయింది. ఆఫీసు దగ్గర షామియానా వేసి ఉంది, దండలు వచ్చాయి, మేళగాళ్లు సిద్ధంగా ఉన్నారు. ట్యాంకరు తెప్పిస్తామని అనుచరులు అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, నీళ్లు ఎక్కడ పోతున్నాయో చూద్దామని పైపు వెంట కిందికి నడిచారు.