కంకణగిరి తూర్పు ద్వారంలో నిదానమ్మ తల్లి వెలసిన కథ

కంకణగిరి పాతకోటను ఒక్క రోజులో చూసేద్దామని వచ్చే యాత్రికులారా! తూర్పు ద్వారం దాటగానే కుడిచేతి వైపు నడుమెత్తు గుడి ఒకటి ఉంది. అందులో చేత కర్ర పట్టి, ఒక కాలు ముందుకు వేసి నిలిచిన ముసలి అమ్మవారే నిదానమ్మ తల్లి. చాలామంది సెల్‌ఫోన్‌లో పదకొండు చోట్ల పట్టిక చూసుకుంటూ ఆమెను దాటిపోతుంటారు. అయ్యా, అంత తొందరైతే రావడం దేనికి? కాసేపు ఆగి ఈ కథ చదవండి.

పూర్వం ఈ కోట చుట్టూ లోతైన అగడ్త ఉండేది. పడమటి ద్వారం నుంచి అవతలి గట్టుకు చేరడానికి అందులో పల్లంగా కట్టిన సన్నని రాతిబాట ఒక్కటే దారి. పరాయివాళ్లు పొద్దుగూకాక కోటలో ఉండరాదు. సాయంత్రం మూడుసార్లు నగారా మోగేది. మూడోసారి మోగగానే వాగు తూము ఎత్తి అగడ్తను నింపేవారు. శత్రుభయం ఉన్న రోజులు కనుక ఎవరి కోసమూ తూము ఆపేవారు కారు.

ఆ కాలంలో యాత్రికులకు కోట చూపించి పొట్టపోసుకునే బయ్యన అనేవాడు ఉండేవాడు. "పొద్దున తూర్పున దూరి, పొద్దుగూకేలోగా పడమట దించుతా. మధ్యలో ఒక్క మండపమూ వదలను" అని గొప్పలు పోయేవాడు. ఆ మాట నిజమే గాని, దారిని తన కాళ్లతోనే కొలిచేవాడు.

ఒక మాఘమాసంలో ఏటి అవతలి నుంచి పన్నెండుమంది వచ్చారు. వారిలో పేరమ్మ అనే ముసలావిడ, ఆమె కోడలు కాటమ్మ ఉన్నారు. పేరమ్మ ప్రతి రాయినీ కర్రతో తట్టి చూసుకుని గాని అడుగు వేసేది కాదు. ఏనుగులశాల దగ్గరే పొద్దు నడినెత్తికి వచ్చింది. మెట్లబావి, ఆయుధశాల, నాట్యమండపం మిగిలే ఉన్నాయి.

"ఒకటి రెండు వదిలేద్దాం అన్నా, అత్తమ్మ నడవలేకపోతోంది" అని కాటమ్మ బతిమాలింది.

"వదిలితే నా మాటేం కాను? కానివ్వండి, కానివ్వండి!" అని బయ్యన అందరినీ తరిమాడు.

నాట్యమండపంలో ఉండగానే మొదటి నగారా మోగింది. అందరూ పరుగు లంకించుకున్నారు. బాట మీదికి దిగేసరికి రెండోది మోగింది. రొప్పుతూ గట్టెక్కి బయ్యన లెక్కపెట్టాడు. పదకొండుమందే!

"మా అత్తమ్మ ఏదీ? నీతో వస్తోందనుకున్నానయ్యా!" అని కాటమ్మ గావుకేక పెట్టింది. అల్లంత దూరాన, బాట నడుమ, పేరమ్మ అడుగులో అడుగు వేస్తూ వస్తోంది. అంతలో మూడో నగారా మోగింది.

బయ్యన వెనుదిరిగి బాట మీదికి దూకాడు. ఎదురు పరుగెత్తి ఆమెను చేరేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. బాట కనబడడం లేదు, ఇరుపక్కలా నిలువు లోతు. ఆమెను ఎత్తుకోబోయాడు.

"ఎత్తుకుని పరుగెడితే ఇద్దరం పోతాం. నా వెనక నడువు, నాయనా" అంది పేరమ్మ.

ఆమె నీళ్లలో కర్ర దింపి, రాయి తగిలాకే కాలు పెడుతోంది. నీళ్లు నడుం దాకా వచ్చాయి, రొమ్ము దాకా వచ్చాయి. "త్వరగా, పేరమ్మా!" అని బయ్యన తొందరపెట్టాడు. "ఉండరా, రాయి దొరకనీ" అని ఆమె కసిరింది. ఒకచోట కర్రకు రాయి తగల్లేదు. ఆమె ఆగింది. కుడికి వెతికింది, ఎడమకు వెతికింది. నీళ్లు ఆమె గడ్డాన్ని తాకాయి. అప్పుడు కర్ర కొసకు రాయి తగిలింది. ఇంకో మూడడుగులకు కాటమ్మ చెయ్యి అందింది.

బయ్యన గట్టు మీద ఆమె కాళ్లు పట్టుకుని, "నిన్ను చంపబోయాను తల్లీ" అని భోరుమన్నాడు.

పేరమ్మ చీర కుచ్చెళ్లు పిండుకుంటూ, "సరేలే. రేపు ఆ ఏనుగులశాల మళ్లీ చూపించు. ఇవాళ సరిగా చూడనిచ్చావా?" అంది.

ఆమె కాలం చేశాక ఒకనాడు బయ్యనకు కలలో కనిపించి, "నన్ను తూర్పు ద్వారంలో నిలబెట్టు. లోపలికి వచ్చేవాళ్లతో నాకు పనుంది" అని ఆనతిచ్చింది. అతడు చెక్కించి నిలిపిన ఆ మూర్తినే జనం నిదానమ్మ అని కొలుస్తున్నారు.

ఇప్పుడు అగడ్త ఎండి పల్లేరు మొలిచింది. నగారా లేదు. ఆచారం మాత్రం తప్పలేదు. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవారే అమ్మవారి ఎదుట నిలబడి, ఆ రోజు ఏమేం చూడాలో చెప్పాలి. తక్కినవారు వారి వెనకే నడవాలి. "మీలో వెనకబడేది ఎవరు?" అని అర్చకులు అడుగుతారు. చాలా గుంపులకు జవాబు తెలియదు. అప్పుడందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ద్వారం అవతల ఎవరో ఒక పెద్దాయన, గోడకు చెయ్యి ఆనించి, ఇంకా వస్తూనే ఉంటారు.