సున్నం ఎక్కువైన తాంబూలం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కూతుళ్లు: రత్నాంగి, హేమాంగి, చిత్రాంగి. చిన్నది చిత్రాంగి నోరు తెరిస్తే పండితులు నోరు మూసుకోవాల్సిందే! అక్కలు మాట మొదలుపెడితే చాలు, దాన్ని తనే లాక్కుని పూర్తిచేసేది. సభంతా చప్పట్లు. అక్కల కడుపులు కుతకుత ఉడికేవి.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు ధూమకర్ణుడు కబురు పంపాడు. "నాలుగో రోజున వస్తున్నా. నీ కూతుళ్లలో ఒకరు నా మూడు ప్రశ్నలకు జవాబు చెబితే కోరింది ఇస్తా. లేదంటే రాజ్యం నాది."

"ఇంకెవరు? మా చిత్రాంగే!" అన్నాడు రాజు, పెద్దకూతుళ్ల వైపు చూడనైనా చూడకుండా.

"మనం కూడా పుట్టామని నాన్నగారికి గుర్తుందంటావా?" అంది రత్నాంగి.

"దాని నోరు ఒక్కసారి మూతపడనీ అక్కా, ఆ జవాబులు మనమే చెబుదాం," అంది హేమాంగి.

పందేనికి దిగేవాళ్లకు తోడబుట్టినవాళ్లు తాంబూలం చుట్టి ఇవ్వడం ఆ ఇంటి ఆచారం. దాన్ని విప్పి చూడకూడదు. అక్కలు మూడింతల సున్నం మెత్తి నవ్వుతూ అందించారు. చిత్రాంగి నమిలిందో లేదో, నోరు భగ్గుమంది! తెల్లారేసరికి నాలుకంతా పుళ్లు.

ఆమె మీద మనసున్న పొరుగు రాకుమారుడు జయకేతు, "సముద్రాలు దాటైనా మందు తెస్తా!" అంటూ గుర్రమెక్కాడు. చిత్రాంగి పెరట్లో కూర్చుని ఏడ్చింది.

"నా వెన్న రాసుకో తల్లీ," అంది ఆవు. "ఇదిగో, తేనెచుక్క," అంది తేనెటీగ. "జాజి ఆకులు నమిలి ఊసెయ్యి, కారం జోలికి పోకు," అంది ఉడుత. "ఇంకో మాట. ఆ మాంత్రికుడి ప్రాణం వాడి పంజరంలోని చిలకలో ఉంది. అది బయటికి ఎగిరిందా, వాడి పని సరి!"

మూడు రోజులు అలాగే చేసింది. పుళ్లు మానాయి.

మాంత్రికుడు చిలక పంజరంతో వచ్చాడు. "నిప్పు లేకుండా ఉడికేది?" "నీళ్లు పోసిన రాతిసున్నం!" అంది చిత్రాంగి. "కళ్లు తెరిచి నిద్రపోయేది?" "చేప!"

చిలక వాడి చెవిలో ఏదో ఊదింది. మాంత్రికుడు నవ్వాడు. "నీ నోరు కాల్చిందెవరు? ఆ దోషి నాకు బానిస. అబద్ధమాడావో, రాజ్యం నాది!"

అక్కల ముఖాల్లో నెత్తురుచుక్క లేదు.

"నేనే," అంది చిత్రాంగి. "అక్కలు నోరు తెరిచిన ప్రతిసారీ అడ్డొచ్చి వాళ్ల మనసు కాల్చాను. ఆ మంటే తిరిగొచ్చి నా నోరు కాల్చింది. ఇది అబద్ధమైతే రాజ్యం నీది, నిజమైతే నీ బానిసను నేనే. తేల్చవయ్యా!"

"నిజమే! నిజమే!" అని అరిచింది చిలక. "కానీ గెలిచినవాళ్లు కోరింది ఇవ్వాలిగా!"

"అయితే ఆ చిలకే కావాలి," అంటూ చిత్రాంగి పంజరం తలుపు తీసేసింది. చిలక తుర్రుమంది. ధూమకర్ణుడు సున్నపుపొడిలా కుప్పకూలాడు.

పక్షం తర్వాత జయకేతు గడ్డం పెంచుకుని, పెట్టెనిండా జాజి ఆకులతో దిగాడు.

"ఇది మా పెరటి తీగే కదయ్యా!" అంది చిత్రాంగి.

"ముందే చెప్పొచ్చుగా?"

"ఏ నోటితో?"

ఇద్దరికీ పెళ్లయింది. పీటల మీదున్న చిత్రాంగికి అక్కలు తాంబూలం ఇచ్చారు. ఆమె విప్పి చూడలేదు. నోట్లో పెట్టుకుని నమిలింది.

సున్నం సరిగ్గా సరిపోయింది.

తండ్రి తర్వాత ఆమె రాణిగా ఏలిన అరవై ఏళ్లూ సభలో మొదటి మాట అక్కలదే.